ముందు ఆ ట్యూబు ఫొటో పంపండి

మే నెలలో మహారాష్ట్రలోని మా సిరొంచ చుట్టుపక్కల ఊళ్ళన్నీ తునికాకు పనిలో ఉంటాయి. తెల్లవారకముందే అడవికి పోయి, ఎండ ముదరకముందే ఆకు తెచ్చుకుని, మధ్యాహ్నమంతా నీడపట్టున కూర్చుని కట్టలు కడతారు. ఒళ్ళంతా చెమట, దుమ్ము, దానిమీద నడుముకు బిగించి దోపిన చీర కుచ్చిళ్ళు. వానలు పడే వేళకు ఇంటికొకరు నడుమో గజ్జలో గోక్కుంటూ కనపడతారు.

మాది జెరాక్స్ షాపు. ఆధార్ కార్డులు, సాత్‌బారా అనే భూమి కాగితాలు, పిల్లల అడ్మిషన్ ఫారాలు మా పని. కొన్నాళ్ళుగా దానికి ఇంకోటి తోడైంది. డాక్టరుకు పంపడానికి ఒంటిమీది మచ్చలకు ఫొటోలు తీసిపెట్టడం. ఆడవాళ్ళు నా దగ్గరికి వస్తారు, మగవాళ్ళు మా ఆయన దగ్గరికి.

మొదట వచ్చింది మా చిన్నమ్మ. షాపు వెనక గదిలో నడుము చూపించింది. మామూలు తామర అయితే ఉంగరంలా గుండ్రంగా, అంచు ఎర్రగా పొలుసు కట్టి, మధ్యలో మానినట్టు ఉంటుంది. ఆమెది అలా లేదు. అరచేయంత మేర నల్లబడి, అక్కడక్కడ పొక్కులు. తోలు పల్చబడి సన్నటి నరాలు కనపడుతున్నాయి. పక్కన కాన్పైనవాళ్ళ పొట్టమీద ఉన్నట్టు చారలు.

"ఎన్నాళ్ళాయె చిన్నమ్మా?"

"పోయిన దసరా కాడి నుంచి బిడ్డా. ట్యూబు రాస్తే వారం దినాలు మంచిగుంటది. ఆపితే మల్ల లేస్తది."

ఎన్ని ట్యూబులు అయ్యాయంటే లెక్క చెప్పలేకపోయింది. ఫొటోలు తీసి వరంగల్‌లో తెలిసిన చర్మ డాక్టరుకు పంపాం. మందు పేరేదో వస్తుందని చూస్తూ కూర్చుంటే, ఆయన నుంచి ఒక్క లైను వచ్చింది: "ముందు ఆ ట్యూబు ఫొటో పంపండి."

అప్పటి నుంచి "ఫోన్‌లో చూపించుకుంటే సరిపోతదా, మనిషే పోవాల్నా?" అని ఎవరు అడిగినా నాకు ఆ లైనే గుర్తొస్తుంది. ఒక్క మాటలో అవుననో కాదనో చెప్పేస్తే సులువే. కానీ ఆ ఒక్క ప్రశ్నలో మూడు నాలుగు ప్రశ్నలు ముడిపడి ఉన్నాయి.

దేనితో పోల్చాలి?

మా ఊరు మహారాష్ట్ర కొసన ఉంది. ఒకపక్క ప్రాణహిత, ఇంకోపక్క గోదావరి. జిల్లా కేంద్రం గడ్చిరోలి అడవి దారిన దాదాపు 200 కిలోమీటర్లు. నది దాటితే తెలంగాణ. వంతెనలు పడ్డాక కాళేశ్వరం వైపూ, కోటపల్లి వైపూ బండిమీదే పోతున్నాం. అంతకుముందు పడవలే. మంచిర్యాలో వరంగలో పోతే చర్మ డాక్టరు దొరుకుతాడు. కానీ పోయి రావడానికి ఒక రోజు కూలి పోతుంది, ఆడమనిషైతే తోడు వచ్చేవాళ్ళ కూలి కూడా పోతుంది. మందు పనిచేసిందో లేదో చూడాలంటే నెల తర్వాత మళ్ళీ అంతే ఖర్చు.

అందుకే చాలామంది రెండోసారి పోరు. అసలు మొదటిసారే పోరు. మెడికల్ షాపుకు పోయి చెయ్యి చూపిస్తారు, వాళ్ళు ట్యూబు ఇస్తారు.

ఫోన్ వైద్యం నేరుగా చూపించుకోవడంతో సమానమా అన్నది హైదరాబాద్‌లోనో పుణెలోనో ఉన్నవాళ్ళ ప్రశ్న. వాళ్ళకు రెండూ అందుబాటులో ఉన్నాయి. మా దగ్గర ఫోన్‌కు పోటీ నిలిచేది చర్మ డాక్టరు కాదు, మెడికల్ షాపులోని ట్యూబు. ఆ పోటీలో ఫోన్ చాలాసార్లు గెలుస్తుందనే నా నమ్మకం. అయితే గెలవని చోట్లు కూడా ఉన్నాయి, అక్కడ ఓడిపోతే నష్టం పెద్దది.

పరిశోధనలు చెప్పింది ఎంత?

సోరియాసిస్ (తోలు మందమై పొలుసులు రాలే జబ్బు) ఉన్న 296 మందితో అమెరికాలో చేసిన ఒక అధ్యయనం 2018లో వెలువడింది. ఏడాదిపాటు కొందరికి ఆన్‌లైన్‌లో, కొందరికి నేరుగా వైద్యం చేశారు. రెండు గుంపుల్లోనూ జబ్బు దాదాపు ఒకేలా తగ్గింది. అంతకుముందు 2015లో ఎగ్జిమా (తోలు పొడిబారి దురద పెట్టే జబ్బు) ఉన్న 156 మంది మీద చేసినదాంట్లోనూ అంతే. ఇవి చూపించి "ఫోన్ వైద్యం ఆసుపత్రి వైద్యంతో సమానమని తేలింది" అని యాప్‌లవాళ్ళు ప్రచారం చేసుకోవచ్చు. తప్పు కూడా కాదు.

కానీ ఒక్క విషయం చూడండి. ఆ అధ్యయనాల్లో చేరినవాళ్ళ జబ్బుకు అప్పటికే పేరు పెట్టి ఉంది. ఇది సోరియాసిస్ అని ఒక డాక్టరు చూసి తేల్చాక, ఆ తర్వాత మందు పెంచాలా తగ్గించాలా అన్నది ఆన్‌లైన్‌లో చేశారు. అంటే రుజువైంది రెండో అడుగు. మా షాపుకు వచ్చేవాళ్ళు మొదటి అడుగు దగ్గర ఉన్నారు, అది ఏమిటో ఎవరికీ తెలియదు.

మొదటి అడుగు మీద కూడా పరిశోధన ఉంది, ఎక్కువగా చర్మ కేన్సర్ గురించి. ఫొటో చూసి కేన్సర్ మచ్చను పట్టుకోవడం ఎంతవరకు సాధ్యమని కాక్రేన్ సంస్థ 2018లో పాత అధ్యయనాలను కలిపి చూసింది. నిజంగా కేన్సర్ అయిన 100 మచ్చల్లో 95 దాకా ఫొటోలో దొరికాయి. కేన్సర్ కాని మచ్చల్లో 100కు 16 దాకా అనవసరంగా అనుమానంలో పడ్డాయి. ఆ లెక్క వచ్చింది నాలుగే అధ్యయనాల నుంచి. పైగా ఆ జబ్బు తెల్లతోలువాళ్ళలో ఎక్కువ. మనలాంటి చామనఛాయ ఒంటికి అది తక్కువే. అరికాలులోనో గోరు కిందో కొత్తగా నల్లమచ్చ వచ్చి పెరుగుతుంటే మాత్రం ఫొటోతో ఆగకుండా పోయి చూపించాలి.

మన రంగు దగ్గర ఇంకో చిక్కు ఉంది. పుస్తకాల్లో "ఎర్రటి దద్దు" అని ఉన్నది మన ఒంటిమీద ఎర్రగా ఉండదు. ఊదారంగులోనో, ముదురు గోధుమరంగులోనో, ఒక్కోసారి ఒట్టి నలుపుగానో ఉంటుంది. ఫోన్ కెమెరా దానికి తోడు ముఖం తెల్లగా కనపడాలని తనంతట తాను నునుపు చేస్తుంది. మచ్చ చూపించడానికి తీసిన ఫొటోలో ఆ మచ్చే సగం మాయమవుతుంది.

ట్యూబు సంగతి

చిన్నమ్మ మర్నాడు ట్యూబు తెచ్చింది. దానిమీద సన్నటి అక్షరాల్లో నాలుగు మందుల పేర్లు. ఒకటి ఫంగస్‌కు, ఒకటి బాక్టీరియాకు, ఇంకొకటి మరోదానికి, నాలుగోది క్లోబెటసాల్. దురదను గంటలో ఆపేది ఆ నాలుగోదే. అది స్టెరాయిడ్, అందులోనూ బాగా గట్టి రకం.

స్టెరాయిడ్ చేసే పని ఒంటి ప్రతిఘటనను నొక్కిపెట్టడం. ఎరుపు, వాపు, దురద అన్నీ ఒళ్ళు ఫంగస్‌తో చేసే కొట్లాట గుర్తులు. కొట్లాట ఆపిస్తే గుర్తులు పోతాయి, ఫంగస్ హాయిగా పాకుతుంది. అంచు ఉంగరం చెరిగిపోతుంది. డాక్టర్లు దీన్ని మారువేషం వేసిన తామర అంటారు. ట్యూబు ఆపగానే రెట్టింపుగా లేస్తుంది, మనిషి మళ్ళీ ట్యూబు కొంటాడు. ఈలోగా తోలు పల్చబడి చారలు పడతాయి. ఆ చారలు ఇక పోవు.

2018లో కేంద్రం 14 రకాల స్టెరాయిడ్ పూతమందులను షెడ్యూల్ హెచ్‌లోకి తెచ్చింది. అంటే డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదు. కాగితం మీద ఉన్న సంగతి అది. కౌంటరు దగ్గర జరిగేది మీకు తెలుసు.

డాక్టరు ట్యూబు ఫొటో ఎందుకు అడిగాడో ఇప్పుడు అర్థమై ఉంటుంది. మారువేషం వేసిన జబ్బును ఫొటో చూసి గుర్తుపట్టడం కష్టం. ట్యూబును చూసి గుర్తుపట్టవచ్చు. ఫోన్ వైద్యం ఇక్కడ ఓడిపోవాల్సిన చోట గెలిచింది. గెలిపించింది కెమెరా అనుకోకండి, ఆయన అడిగిన ప్రశ్న. నేరుగా పోయినా, రెండు నిమిషాల్లో ఒక్కొక్కరిని పంపించేసే రద్దీ ఓపీలో ఆ ప్రశ్న ఎవరూ అడగకపోతే ఫలితం అంతే ఉండేది.

ఆయన తర్వాత చెప్పింది: "ట్యూబు ఆపండి. ఆపితే పది రోజులు ఇంకా ఎక్కువవుతుంది, భయపడొద్దు. కానీ ఒక్కసారి మనిషిని తీసుకురండి, గీకి చూడాలి."

గీకి చూడటమంటే, పొలుసును బ్లేడు అంచుతో గీకి గాజుపలక మీద వేసి, పొటాషియం హైడ్రాక్సైడ్ చుక్క వేసి మైక్రోస్కోపు కింద చూడటం. ఫంగస్ ఉంటే దారప్పోగుల్లా కనపడుతుంది. ఖర్చు తక్కువ, సమయం తక్కువ. కానీ ఏ ఫోనూ చేయలేదు. ఇప్పుడు దీని అవసరం పెరిగింది కూడా. తామరకు ఏళ్ళ తరబడి వాడుతున్న టెర్బినఫిన్ మాత్రకు లొంగని ఫంగస్ మన దేశంలో బాగా వ్యాపించింది. దానికి 2020లో ట్రైకోఫైటన్ ఇండోటినియే అని పేరు పెట్టారు. పేరులోనే మన దేశాన్ని ఇరికించారు, ఏం గొప్పో! మందు దాడి చేసే ఎంజైమే ఆ ఫంగస్‌లో కాస్త మారిపోయింది, అందుకే మందు తగలదు. ఎవరికో తగ్గిన మాత్ర మనకు తగ్గకపోవడానికి ఇదొక కారణం. ఫొటోలో రెండు ఫంగస్‌లూ ఒకేలా ఉంటాయి.

తాకితే తప్ప తెలియనిది

నాకు అన్నిటికన్నా భయం పుట్టించేది దురద పెట్టే మచ్చ కాదు. ఏ బాధా పెట్టని మచ్చ.

ఒక పదేళ్ళ పిల్లవాడి చెంపమీద తెల్లటి మచ్చ. తల్లి "శోభి కావచ్చు, ఫొటో పంపు అక్కా" అంది. పిల్లల ముఖాల మీద పొడిబారి వచ్చే తెల్లమచ్చలు మామూలే, వాటంతట అవే పోతాయి. శోభి అయితే సన్నటి పొట్టు రాలుతుంది. బొల్లి అయితే పాలలా తెల్లగా ఉంటుంది. కుష్టు మచ్చ పాలలా తెల్లబడదు, చుట్టూ ఉన్న రంగుకన్నా కాస్త పాలిపోయి ఉంటుంది, అంతే. వీటన్నిటినీ ఫొటోలో పక్కపక్కన పెడితే అనుభవం ఉన్న డాక్టరు కూడా తడబడతాడు.

ఎక్కువగా తేల్చేది స్పర్శే. కళ్ళు మూసుకోమని, దూదిపోచతోనో బాల్‌పెన్ను మొనతోనో మచ్చమీద తాకి "ఎక్కడ తాకానో చూపించు" అంటారు. మచ్చమీద తెలియకపోతే అనుమానం గట్టిపడుతుంది. మోచేతి దగ్గర నరం లావైందేమో వేళ్ళతో తడిమి చూస్తారు.

దేశం మొత్తంమీద పదివేల మందికి ఒకరికన్నా తగ్గిందని 2005 చివర్లో కుష్టును అదుపులోకి తెచ్చినట్టు ప్రకటించారు. సగటు లెక్క అది. గడ్చిరోలి, చంద్రపూర్ జిల్లాల్లో కేసులు వస్తూనే ఉన్నాయి. కుష్టు రోగుల కోసం బాబా ఆమ్టే ఆనందవన్ ఆశ్రమం పెట్టిన వరోరా ఈ చంద్రపూర్ జిల్లాలోదే. మందు ఉచితం, మచ్చలు కొన్నే ఉంటే 6 నెలలు, ఎక్కువగా ఉంటే 12 నెలలు. తొందరగా దొరికితే వేళ్ళూ కళ్ళూ చెడకుండా నయమవుతుంది. ఆలస్యమైతే నరం చచ్చిపోతుంది, అది తిరిగి రాదు. అందుకే తిమ్మిరి మచ్చను ఫొటో తీసి "చూద్దాంలే" అనుకోవడం నాకు ఒప్పుకోబుద్ధి కాదు.

ఆ పిల్లవాడిని ఉపకేంద్రానికి పంపాను. అక్కడ ఆరోగ్య అధికారిణి దూదితో చూసింది. తాకిన ప్రతిసారీ వాడు కళ్ళు మూసుకునే చెంపమీద వేలు పెట్టి చూపించాడు. పొడి మచ్చే. తల్లి ఊపిరి పీల్చుకుంది.

ఈ సందర్భంలోనే ఈ-సంజీవని గురించి చెప్పాలి. కేంద్రం తెచ్చిన ఈ ఉచిత వ్యవస్థలో రెండు దారులున్నాయి. ఒకటి 2020 ఏప్రిల్‌లో కరోనా లాక్‌డౌన్‌లో మొదలైంది, ఇంట్లో నుంచే ఫోన్‌లో డాక్టరుతో మాట్లాడవచ్చు. రెండోది అంతకుముందు 2019 నవంబరులోనే వచ్చింది. అందులో రోగి ఊరి కేంద్రంలో ఆరోగ్య అధికారి పక్కన కూర్చుంటాడు, పెద్ద డాక్టరు తెరమీద ఉంటాడు. జనానికి నచ్చేది మొదటిది, కాలు కదపనక్కరలేదు. చర్మం విషయంలో నా ఓటు రెండోదానికి. అక్కడ తెర ఇవతల రెండు చేతులున్నాయి. "దూది పెట్టి చూడమ్మా", "మోచెయ్యి తడిమి చూడు" అని తెరమీది డాక్టరు చెబితే చేసేవాళ్ళున్నారు. ఫోన్ వైద్యమా, నేరు వైద్యమా అని తగువు పెట్టుకునేవాళ్ళు ఈ మధ్యదారిని మర్చిపోతారు.

గజ్జి అంటే ఏది?

ఇది సరిహద్దు ఊళ్ళ ప్రత్యేక తలనొప్పి.

ఈ-సంజీవనిలో మనం మహారాష్ట్ర నుంచి అడుగుతాం, అవతల మాట్లాడేది మరాఠీనో హిందీనో. మా ఆడవాళ్ళకు సంతలో బేరమాడేంత మరాఠీ వస్తుంది, ఒంటి బాధ చెప్పుకునేంత రాదు. మనం తామర అనేదాన్ని వాళ్ళు నాయటా అంటారు, గజకర్ణ అని కూడా అంటారు. మనకు గజకర్ణ అంటే గోకర్ణతో కలిపి టక్కుటమార విద్యలే గుర్తుకొస్తాయి! మనం గజ్జి అనేదాన్ని వాళ్ళు ఖరూజ్ అంటారు. ఇప్పుడు తెలుగామె "గజ్జి" అంటే, ఆ చెవికి ఆనేది "గజకర్ణ". ఆమె చెప్పింది ఒకటి, ఆయన విన్నది ఇంకొకటి.

మన ఊళ్ళలో దురద పెట్టే ప్రతిదాన్నీ గజ్జి అనే అలవాటు కూడా ఉంది. కానీ అసలు గజ్జికీ తామరకూ పొంతన లేదు. గజ్జి తెచ్చేది కంటికి ఆనని పురుగు. వేళ్ళ సందుల్లో, మణికట్టు దగ్గర తోలులో సొరంగం తవ్వుకుంటుంది. రాత్రిపూట దురద చంపేస్తుంది, ఇంట్లో ఒకరి తర్వాత ఒకరికి వస్తుంది. పెర్మెత్రిన్ క్రీమును ఇంటిల్లిపాదీ ఒకే రాత్రి మెడ నుంచి పాదాల దాకా రాసుకుని, వారానికి మళ్ళీ రాసుకోవాలి. దురద లేనివాళ్ళు కూడా రాసుకోవాలి. ఒక్కరే రాసుకుంటే అది ఇల్లంతా తిరిగి మళ్ళీ వాళ్ళకే వస్తుంది. తామరకు ఇవేవీ పనికిరావు.

విచిత్రమేమిటంటే, గజ్జిని ఫొటోలో పట్టుకోవడం కష్టం, మాటల్లో పట్టుకోవడం తేలిక. "రాత్రి ఎక్కువా? ఇంట్లో ఇంకెవరికైనా ఉందా?" అన్న రెండు ప్రశ్నలతో సగం తేలిపోతుంది. అలాగే మిరపకాయ ఏరే రోజుల్లో అరచేతులు మండి తోలు ఊడుతుంటే, ఫొటో కన్నా "ఏం పనికి పోతున్నవ్?" అన్న ప్రశ్నే ఎక్కువ చెబుతుంది. కాబట్టి భాష కలిసే డాక్టరు దొరకడం మంచి కెమెరా కన్నా ముఖ్యమని నేనంటాను. అందుకే మేము నది అవతలి తెలుగు డాక్టర్లను వెతుక్కుంటాం.

వేరే రాష్ట్రం డాక్టరు ఇలా చూడవచ్చా అని కొందరికి టెన్షన్. చూడవచ్చు. 2020 మార్చి 25న వచ్చిన టెలిమెడిసిన్ మార్గదర్శకాల ప్రకారం రిజిస్టరైన డాక్టరు దేశంలో ఏ మూలనున్న రోగికైనా ఫోన్‌లో వైద్యం చెప్పవచ్చు. చీటీమీద ఆయన రిజిస్ట్రేషన్ నంబరు ఉండాలి. ఆ నంబరు లేని చీటీని నమ్మకండి.

వీడియోనా, ఫొటోనా?

అవే మార్గదర్శకాల్లో ఒక తమాషా ఉంది. క్లోట్రిమజోల్, ముపిరోసిన్, కాలమిన్, బెంజైల్ బెంజోయేట్ లాంటి చర్మం మందులను ఒక జాబితాలో పెట్టి, మొదటిసారి చూసే రోగికి ఇవి రాయాలంటే వీడియోలో చూడాలన్నారు. ఆరు నెలల్లోపు అదే జబ్బుకు నేరుగా చూసిన రోగి అయితే ఇంత పట్టింపు లేదు. మోసాలు జరగకుండా ఎదురుగా ఉన్న మనిషి ఎవరో తెలియాలనేది వీడియోకు ఒక సమర్థన.

కానీ మా నెట్‌వర్క్‌లో వీడియో అంటే గళ్ళుగళ్ళుగా విరిగే బొమ్మ. పొలుసు ఉందో లేదో, అంచు పైకి లేచిందో లేదో అందులో తెలియదు. స్థిరంగా తీసిన ఒక్క ఫొటో పది నిమిషాల వీడియో కన్నా ఎక్కువ చూపిస్తుంది. అందుకే ముందు ఫొటోలు పంపి, తర్వాత వీడియోలో మాట్లాడటం మంచిది. మాటకు వీడియో, చూపుకు ఫొటో.

ఫొటో తీయడంలో నేను దెబ్బలు తిని నేర్చుకున్నవి కొన్ని ఉన్నాయి. వచ్చినవాళ్ళకు ముందు తడిబట్ట ఇస్తాను. పసుపు, కొబ్బరినూనె, వేపాకు పసరు, పౌడరు, ఏదో ఒకటి రాసుకునే వస్తారు. పసుపు మీద తీసిన ఫొటోకు ఏ డాక్టరూ ఏమీ చెప్పలేడు. షాపులో ట్యూబులైటు కింద తీయను, బయట వసారాలో పొద్దుటి నీడలో తీస్తాను. ఫ్లాష్ వేస్తే తోలు మెరిసి మచ్చ కొట్టుకుపోతుంది. ఒకటి దూరం నుంచి, ఒంటిమీద అది ఎక్కడుందో తెలిసేలా. ఒకటి దగ్గర నుంచి, పక్కన రూపాయి బిళ్ళ పెట్టి, ఎంత పెద్దదో తెలిసేలా. ఇంకొకటి పక్కవాటంగా, ఉబ్బు తెలిసేలా. బ్యూటీ మోడ్ తీసేస్తాను. వాట్సాప్‌లో మామూలుగా పంపితే ఫొటో నలిగిపోతుంది కాబట్టి డాక్యుమెంట్‌గా పంపుతాను.

ఎప్పుడూ వాళ్ళ ఫోన్‌లోనే తీస్తాను, నా ఫోన్‌లో తీయను. ఒకసారి ఒక కోడలు గజ్జల్లో తామర ఫొటో తీయించుకుంది. పంపాక ఫోన్ ఇంట్లో మరిది చేతికి పోతుందని గుర్తొచ్చి ఆమె ముఖం తెల్లబోయింది. గ్యాలరీలో తీసేసి, వాట్సాప్‌లో తీసేసి, డిలీటైనవి దాచే డబ్బాలో కూడా తీసేస్తే గానీ ఆమె కుదుటపడలేదు. ఇంట్లో కూర్చుని గుట్టుగా చూపించుకోవచ్చని ఫోన్ వైద్యం గురించి చెబుతారు. ఇంటికంతా ఒకే ఫోన్ ఉన్నచోట గుట్టు ఎక్కడిది? ఆ ఒక్క విషయంలో నది అవతలి ఆడ డాక్టరు గదే నయం.

ఫోన్ ముందుండే చోటు

ఒక జబ్బుకు మాత్రం నేరుగా పోవడం కన్నా ఫొటోనే మేలు. దద్దుర్లు. రాత్రి రెండింటికి ఒళ్ళంతా దోమలు కుట్టినట్టు ఉబ్బుతాయి, తెల్లారేసరికి ఆనవాలు ఉండదు. ఒక్కో దద్దు సాధారణంగా 24 గంటల్లోపే మాయమవుతుంది. కూలి పోగొట్టుకుని మంచిర్యాల పోతే డాక్టరు ముందు నున్నటి చెయ్యి చాపాలి. రాత్రి తీసిన ఫొటో ఉంటే అదే సాక్ష్యం. నేరుగా వెళ్ళేవాళ్ళకు కూడా నేను ఇదే చెబుతాను, లేచినప్పుడు ఫొటో తీసి పెట్టుకోండని.

మొటిమలు, తెలిసిన సోరియాసిస్, పిల్లల ఎగ్జిమా, మందు మొదలుపెట్టిన తామర, వీటిని ఎప్పటికప్పుడు చూపించుకుంటూ ఉండటానికి ఫోన్‌ను మించింది లేదు. పదిహేను రోజులకొక ఫొటో వరసగా పెడితే తగ్గుతోందో లేదో డాక్టరుకు కళ్ళకు కట్టినట్టు ఉంటుంది. నెల క్రితం ఎలా ఉండేదో ఏ ఓపీ చీటీలోనూ ఇంత బాగా ఉండదు. మొటిమలకు ఐసోట్రెటినాయిన్ మాత్ర వాడే ఆడపిల్లల సంగతి వేరు. అది కడుపులో బిడ్డకు ప్రమాదం, రక్తపరీక్షలు కూడా కావాలి. ఫోన్‌లో మొదలుపెట్టేది కాదు.

కొన్నిటికి ఫోన్ తీయనే కూడదు. ఫిట్స్ మాత్రో సల్ఫా మందో మొదలుపెట్టిన కొన్ని రోజులకు, వారాలకు జ్వరం వచ్చి, నోరు, కళ్ళు పుండ్లు పడి, తోలు ఊడటం మొదలైతే ఫొటోలు తీస్తూ కూర్చోవద్దు. ఆ మందు ఆపేసి, దాని అట్ట జేబులో పెట్టుకుని పెద్దాసుపత్రికి పరుగెత్తాలి. కాలు ఎర్రగా వాచి, గంటగంటకూ పాకుతూ చలిజ్వరం వస్తే అంతే. దద్దుర్లతో పాటు పెదవులు వాచి ఊపిరి ఆడకపోయినా అంతే.

చిన్నమ్మ

చిన్నమ్మను వరంగల్ తీసుకెళ్ళాం. ఒక్కసారే. గీకి చూశారు, ఫంగస్ కనపడింది. మాత్రలు రాశారు, ట్యూబు ముట్టొద్దన్నాడు డాక్టరు. చీరకట్టు వదులుగా ఉండాలని, లోపలి లంగా రోజూ ఉతికి ఎండలో ఆరెయ్యాలని, ఇంట్లో ఎవరికైనా ఉంటే వాళ్ళకూ మందు ఇప్పించాలని చెప్పాడు. చిన్నబాపుకు కూడా ఉందని అక్కడే బయటపడింది. తర్వాతంతా ఫోన్‌లోనే, పదిహేను రోజులకొక ఫొటో. రెండు నెలలు దాటాక "మందు ఆపొచ్చు. చారలు మాత్రం పోవు" అని మెసేజ్ వచ్చింది. చిన్నమ్మకు చదివి వినిపించాను.

"చారలు ఎవలు సూస్తరు బిడ్డా, దురద పోయింది సాలు" అంది.

"మరి మిగిలిన ట్యూబు పారేసినవా?"

"పారేసుడెందుకు? సగం ఉండె. పక్కింటి కోడలు గోక్కుంటుంటే ఆమెకిచ్చిన."

మర్నాడు పొద్దున ఆ కోడల్ని షాపుకు పిలిపించాను. తడిబట్ట ఇచ్చి, వసారాలో నిలబెట్టి, ముందు ట్యూబుకు ఫొటో తీశాను.